డిశ్చార్జి కాగితం మీద లేని రెండు గళ్లు

పసిపిల్లల గుండె ఆపరేషన్‌కు సర్కారు డబ్బిస్తుందని 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచీ ఊరూరా తెలుసు. అది ఆపరేషన్ బల్ల దాకా చేరగలిగిన బిడ్డ సంగతి. జబ్బుందని ఎవరికీ తెలియక, పుట్టిన వారానికే నిమోనియా పేరు మీద పోయే బిడ్డకు ఏ పథకమూ అక్కరకు రాదు. ఆపరేషన్‌కు లక్షలు పెడుతున్నాం, జబ్బును కనిపెట్టే పనికి మాత్రం చెయ్యి రావడం లేదు.

తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తాన్ని ఊపిరితిత్తుల పక్కనుంచి మళ్లించే చిన్న నాళం ఒకటుంటుంది. పుట్టాక రెండు మూడు రోజుల్లో అది మూసుకుంటుంది. గుండె నుంచి వచ్చే రెండు పెద్ద ధమనులు తారుమారైన బిడ్డకో, ఊపిరితిత్తులకు రక్తం పంపే గుండె కవాటం మూసుకుపోయి పుట్టిన బిడ్డకో ఆ నాళమే ఊపిరి. అది తెరిచి ఉన్నంతసేపూ బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ 88 శాతానికి పడిపోయినా కంటికి నీలం తెలియదు, చామనఛాయ పిల్లల్లో మరీనూ. స్టెతస్కోపుకు చప్పుడు వినబడకపోవచ్చు. ఇంటికెళ్లాక నాళం మూసుకుంటుంది. బిడ్డ పాలు తాగుతూ ఆయాసపడి వదిలేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది.

దీన్ని ముందే పట్టే పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. పుట్టి 24 గంటలు దాటాక, ఇంటికి పంపేలోపు, పల్స్ ఆక్సిమీటర్‌తో కుడి చేతికీ ఏదో ఒక పాదానికీ చూడాలి. ఎడమ చెయ్యి వద్దు, ఆ నాళం నుంచి వచ్చే రక్తం అక్కడ కలిసే వీలుంది. రెండింట్లోనూ 95 శాతమో ఆపైనో ఉండి, తేడా 3 దాటకపోతే పంపించవచ్చు. ఏది 90 లోపు ఉన్నా అప్పటికప్పుడే ఎకో, అంటే గుండె స్కాన్. మధ్యస్థంగా ఉంటే గంట ఆగి మరోసారి చూసి, అప్పటికీ కుదరకపోతే ఎకో. కోవిడ్ రోజుల్లో కొన్న వేలి క్లిప్పు దీనికి పనికిరాదు. పసిబిడ్డ పాదానికి పట్టీలా చుట్టే ప్రోబ్ కావాలి, దాని లైటూ సెన్సారూ సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. పాదం చల్లగా ఉన్నా, బిడ్డ ఏడుస్తున్నా, కామెర్ల లైటు కింద ఉన్నా ఆ అంకెను నమ్మకూడదు. గుండె నుంచి ఒంటికి రక్తం మోసే బృహద్ధమని ఇరుకు ఈ పరీక్షకు తరచూ చిక్కదు కనుక తొడ మొదట్లో నాడి కూడా తాకి చూడాలి.

లోపం దొరికితే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ ఆ నాళాన్ని తెరిచి ఉంచుతుంది. మందు ఫ్రిజ్‌లో ఉండాలి, ఎక్కిస్తున్నప్పుడు బిడ్డ శ్వాస ఆగిపోయే ప్రమాదముంది కాబట్టి అంబులెన్సులో బ్యాగ్, మాస్క్ వాడటం వచ్చిన మనిషి ఉండాలి. తారుమారైన ధమనులను మొదటి రెండు మూడు వారాల్లోనే సరిచేయాలి. ఆలస్యమైతే ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం పంపాల్సిన గుండె గది, బలం తగ్గిపోతుంది.

పిల్లల గుండె డాక్టర్లే చాలనప్పుడు ఇన్ని అనుమానపు కేసులు ఎవరు చూస్తారని కొందరు వైద్యులే అంటారు. కానీ 24 గంటలు దాటాక చేస్తే, ఆ లోపం లేకుండానే ఫెయిలయ్యేది పదివేల మందిలో అయిదుగురే. వాళ్లలోనూ చాలామందికి ఇన్ఫెక్షనో, ఊపిరితిత్తుల జబ్బో ఉంటుంది. అమెరికాలో ఈ పరీక్షను తప్పనిసరి చేసిన రాష్ట్రాల్లో ఇలాంటి గుండె లోపాలతో పోయే పసికందుల మరణాలు మూడో వంతు తగ్గాయి.

బిడ్డతో పాటే తల్లి గుండెనూ చూడాలి. కాన్పుతో గండం గడిచిందనుకుంటాం. కీళ్లవాతపు జ్వరంతో గుండె ఎడమ గదుల మధ్యనుండే మైట్రల్ కవాటం ఇరుకైన తల్లికి అసలు గండం అప్పుడే మొదలవుతుంది. గర్భసంచి ముడుచుకోగానే దాదాపు అర లీటరు రక్తం ఒక్కసారిగా గుండె మీద పడుతుంది. నీరసంగా ఉందని సెలైన్ సీసాలు ఎక్కిస్తే ఊపిరితిత్తులు నీటితో నిండుతాయి. చివరి నెల నుంచి కాన్పయ్యాక అయిదు నెలల దాకా, అంతకుముందు ఏ జబ్బూ లేని తల్లికి కూడా గుండె కండరం బలహీనపడవచ్చు. కాళ్ల వాపును ‘బాలింత నీరు’ అంటారు, రాత్రి దగ్గును పడిశం అంటారు. వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తు పెట్టుకునే బాలింతకు, కూర్చున్నప్పుడు నాడి 110 దాటినా, నిమిషానికి శ్వాస 24 మించినా ఆ రోజే ఎకో తీయాలి. గుండె పంపింగ్ (ఒక్కో కొట్టుకు గది నుంచి బయటికి వెళ్లే రక్తం వంతు) 45 శాతం లోపుంటే ఫ్యూరోసెమైడ్, ఎనాలప్రిల్ వంటి మందులున్నాయి. ఎనాలప్రిల్ గర్భంలో పనికిరాదు, పాలిచ్చే తల్లికి వాడతారు. పంపింగ్ పూర్తిగా కోలుకోకుండా మళ్లీ గర్భం దాలిస్తే ప్రాణాపాయమని భర్తకూ అత్తగారికీ డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి.

ఇంత తేలికైనది ఎందుకు జరగదంటే, మనం కాన్పుల్ని లెక్కపెట్టడం నేర్చుకున్నాం, ఆ తర్వాతి రోజుల్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి 96 పైన కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అంటే దాదాపు ప్రతి బిడ్డా ఆస్పత్రి గుమ్మం దాటే వెళుతోంది. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60, ఆంధ్రలో 42 సిజేరియన్లు. కోత పడిన తల్లి మూడు నాలుగు రోజులు వార్డులోనే ఉంటుంది కదా, ఇక 24 గంటలు ఆగలేకపోయామన్న సాకు ఎక్కడిది? డిశ్చార్జి కాగితం మీద రెండు గళ్లు పెట్టండి: బిడ్డ చెయ్యీ పాదం అంకెలు, తల్లి నాడీ శ్వాసా. అవి నింపకుండా సంతకం చెల్లదనండి.

కాన్పయ్యాక బాలింతను చూడటానికి ఆశా కార్యకర్త వరసగా ఇంటికొచ్చేది 42వ రోజు దాకానే. తల్లి గుండె జబ్బు గడువు అయిదు నెలలు. 10, 14 వారాల టీకాలకు బిడ్డను ఎత్తుకొచ్చే ఆ తల్లి ఏఎన్ఎం ఎదురుగానే నిలబడి ఉంటుంది. అప్పుడే ఆమె నాడి పట్టుకుని, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటున్నావమ్మా అని అడగాలి.