చవక ప్రాసెసరుకు రాచమర్యాదలు

భీమవరం వారికి ఓవర్‌క్లాకింగ్ గురించి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదని నా దృఢాభిప్రాయం. చెరువు మోయగలిగిన దానికి రెట్టింపు రొయ్యపిల్లను వదిలి, అది ఊపిరాడక పైకి తేలకుండా రాత్రంతా ఏరేటర్లు తిప్పి, కరెంటు పోతే జనరేటరు, జనరేటరుకు డీజిలు సమకూర్చి, తీరా పట్టుబడి నాటికి రేటు పడిపోయిందని తెలుసుకునే విద్య ఇక్కడ ఇంటింటా ఉన్నదే. తయారుచేసినవారు నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసరును పరుగెత్తించడం ఆ విద్యకు మెట్ట శాఖ మాత్రమే.

మా మేనల్లుడు 2014లో ఈ శాఖలో చేరాడు. పెంటియం పేరుకు ఇరవయ్యేళ్లు నిండిన సందర్భంగా ఇంటెల్ జీ3258 అనే రెండు కోర్ల ప్రాసెసరును, మల్టిప్లయరుకు, అంటే వేగాన్ని నిర్ణయించే గుణకానికి, తాళం వేయకుండా, 72 డాలర్లకు విడుదల చేసిన ఏడాది అది. అదే ఇంటెల్ వారి ఖరీదైన ఐ3 ప్రాసెసరు జోలికి పోకుండా దీన్ని కొని మూడు వేలు మిగిల్చానని వాడు ప్రకటించగా, ఇంటిల్లిపాదీ సంతోషించాము.

వంశం కూడా గొప్పదే. 1998 నాటి ఇంటెల్ చవక ప్రాసెసరు సెలెరాన్ 300ఎ బస్సు (ప్రాసెసరుకూ మిగతా కంప్యూటరుకూ నడుమ రాకపోకల దారి) వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచితే, 300 మెగాహెర్ట్జ్ సరుకు 450కి చేరి, ఎంతో ఖరీదైన పెంటియం 2 సరసన కూర్చునేది. ఆ తరువాత పోటీ కంపెనీ ఏఎండీ వారి డ్యూరాన్ ప్రాసెసరు మీద తెగి ఉన్న వంతెనలను, అంటే సన్నని విద్యుత్ అతుకులను, పెన్సిలు గీతతో కలిపి తాళం విప్పినవారూ ఉన్నారు. (బడిపిల్లల పెన్సిలుకు ఇంతకు మించిన గౌరవం దక్కినట్టు నేను వినలేదు.)

అయితే వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పది శాతం పెరిగితే, విద్యుత్తు దాని వర్గాన్ని అనుసరించి 21 శాతం పెరుగుతుంది. పెరిగిన వేగం తాలూకు వాటా అదనం. అదంతా వేడిగా మారుతుంది. కనుక మూడు వేల ఆదాను కాపాడుకోవడానికి ముందు ఓవర్‌క్లాకింగుకు వీలిచ్చే జెడ్97 మదర్‌బోర్డు, పిదప ఇటుకంత కూలరు, ఆపైన బలమైన పవర్ సప్లై, మా వీధి కరెంటు చంచల స్వభావం దృష్ట్యా ఒక స్టెబిలైజరు వచ్చాయి. ఎంతటి ఫ్యానైనా ప్రాసెసరును గది గాలి కంటే చల్లబరచలేదన్న సత్యం, కొబ్బరాకు కదలని మే నెల ఉక్కపోతలో బోధపడింది. మా బావగారు కిక్కురుమనకుండా ఏసీ పెట్టించారు.

ఇంతా చేస్తే 3.2 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు 4.2 దగ్గర నిలిచింది, 4.3 అన్నంతలో కంప్యూటరు కుప్పకూలి తెర నీలమయ్యేది. ఒకే అచ్చులో పోసినట్టున్నా ఏ రెండు చిప్పులూ ఒక్కలా పరుగెత్తవు, పందెంకోళ్ల వలెనే. తన స్నేహితుడిది 4.6 అందుకుందని విన్ననాడు మావాడు అన్నం ముట్టలేదు. ఆ ఏడాది చివర్లో వచ్చిన కొన్ని పెద్ద గేములు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) లేని ప్రాసెసరు మీద తెరుచుకోబోమని మొరాయించాయి. వేగం సంగతి అవి అడగనే లేదు.

ఐ3లో ఆ నాలుగు థ్రెడ్లూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ గదిలో మా మేనల్లుడి మామ్మగారు పడుకుంటున్నారు. ఏసీ తగ్గించమని ఎవరైనా అంటే, "పెట్టె వేడెక్కుతుందటరా, మీకేం తెలుసు" అని గదమాయిస్తారు. కంప్యూటరు స్విచ్చి వేసి మూడు నెలలైంది.