బాలానగర్‌లో మ్యాపు, ముండక్కైలో మనుషులు

వానాకాలం మొదలైతే చాలు, మన పేపర్లలో ఒక హెడ్డింగ్ సిద్ధంగా ఉంటుంది. ‘విరిగిపడ్డ కొండచరియలు’. ఊరి పేరు మారుతుంది, మృతుల సంఖ్య మారుతుంది, ఆ రెండు మాటలు మాత్రం ఏళ్ల తరబడి అవే. బడిలో చదివిన వ్యాకరణం గుర్తు చేసుకుంటే ఆ వాక్యంలో కర్త కొండ. విరిగిందీ అదే, పడిందీ అదే. కింద ఇల్లు ఎవరిది, అక్కడే ఎందుకు ఉండాల్సి వచ్చింది, రోడ్డు కోసం కొండ పాదాన్ని ఎవరు తొలిచారు, ముందే తెలిసినవాళ్లు ఆ సంగతి ఎవరికి చెప్పారు, ఇవేవీ ఆ రెండు మాటల్లో పట్టవు. నా పేచీ అంతా అక్కడే.

నేను ఆఫీసుకు వెళ్లే దారిలో బాలానగర్ తగులుతుంది. అక్కడి ట్రాఫిక్ గురించి మొదలుపెడితే వేరే వ్యాసం అవుతుంది, వదిలేద్దాం. ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉన్నది అక్కడే. దేశంలో కొండచరియలు ఎక్కడెక్కడ విరిగిపడుతున్నాయో చూపిస్తూ 2023లో ఆ సంస్థ ఒక అట్లాస్ విడుదల చేసింది. 17 రాష్ట్రాలు, 2 కేంద్రపాలిత ప్రాంతాల్లో 147 జిల్లాలు, 1998 నుంచి 2022 దాకా గుర్తించిన సుమారు 80,000 ఘటనలు. జనానికి ఉన్న ముప్పును బట్టి జిల్లాలకు ర్యాంకులు కూడా ఇచ్చారు. ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ్ మొదటిది. కేరళలోని వయనాడ్‌ది 13వ స్థానం.

మరుసటి ఏడాది జులై 30న అదే వయనాడ్‌లో పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీదికి కొండ దిగివచ్చింది. అర్ధరాత్రి దాటాక ఒకసారి, తెల్లవారుజామున మరోసారి. చనిపోయినవాళ్లు, ఇక దొరకరని తేల్చినవాళ్లు కలిపి దాదాపు 300 మంది. రెండు రోజుల్లోనే బాలానగర్ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలు చూసి లెక్క చెప్పారు. సముద్ర మట్టానికి 1,550 మీటర్ల ఎత్తున విరిగింది, 86,000 చదరపు మీటర్ల మేర నేల జారింది, మట్టీ బండలూ పున్నపుళ అనే వాగు వెంట 8 కిలోమీటర్లు కొట్టుకొచ్చాయి. ఆ చిత్రాల్లోనే ఇంకో సంగతి బయటపడింది. కొండ అంతకు ముందు కూడా సరిగ్గా అక్కడే జారింది, పాత మచ్చ ఉపగ్రహానికి కనబడుతూనే ఉంది.

ఆ వారమంతా టీవీ చర్చల్లో రిసార్టులే కారణమని ఒకరు, క్వారీలే కారణమని ఇంకొకరు అరుచుకున్నారు. వాటిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు, పశ్చిమ కనుమల మీద మాధవ్ గాడ్గిల్ కమిటీ 2011లో ఇచ్చిన నివేదికను పక్కన పెట్టేశారని అందరికీ తెలుసు. కానీ ఈ కొండ విరిగింది పైన, అడవిలో. అక్కడ రిసార్టూ లేదు, క్రషరూ లేదు. 48 గంటల్లో 572 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌కు ఏడాది మొత్తానికి పడేది ఎనిమిది వందల పైచిలుకు, అంటే మనకు ఏడాదికి వచ్చే వానలో మూడింట రెండు వంతులు అక్కడ రెండు రోజుల్లో దిగింది. వాతావరణ మార్పు వల్ల ఆ వాన తీవ్రత దాదాపు 10 శాతం పెరిగిందని వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. దోషి ఒక్కడే దొరికితే మనకు హాయిగా ఉంటుంది, కానీ ఈ కేసులో అలా దొరకడు.

అసలు కొండ ఎందుకు జారుతుందో పల్లెలో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వడ్ల కుప్ప దానంతట అది కదలదు, కింద నుంచి తట్టతో తీశామా, పై గింజలు జరజరా దిగుతాయి. రోడ్డు కోసమో ఇంటి కోసమో కొండ పాదాన్ని నిలువుగా కోస్తే జరిగేది అదే. నీళ్లది ఇంకో కథ. ఇసుక కొంచెం తడిగా ఉంటే పిల్లలు గూళ్లు కడతారు, బకెట్ నీళ్లు కుమ్మరిస్తే గూడంతా పాకం. రేణువుకూ రేణువుకూ మధ్య నీళ్లు నిండి ఒత్తిడి పెరిగితే అప్పటిదాకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న పట్టు వదిలిపోతుంది. కింద రాతి పొర, దాని మీద పల్చగా మట్టి ఉన్నచోట, లోతుగా వేళ్లు దిగే చెట్లు పోయినచోట ఈ పట్టు ఇంకా తొందరగా వదులుతుంది. భూకంపం వస్తే నీళ్లు కూడా అక్కర్లేదు. 1970 మే 31న పెరూలో భూమి కంపించి హువాస్కరాన్ పర్వతం నుంచి మంచూ రాళ్లూ విరిగి యుంగాయ్ పట్టణాన్ని నిమిషాల్లో పూడ్చేశాయి. బతికినవాళ్లలో కొందరు గుట్ట మీదున్న శ్మశానానికి పరిగెత్తినవాళ్లు.

కొండ ఎందుకు జారింది అన్నది ఒక ప్రశ్న, దాని కింద మనిషి ఎందుకు పడుకుని ఉన్నాడు అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, మొదటిదానికి ఇంజనీర్లు జవాబు చెబుతారు, రెండోది అడగడానికే ఎవరికీ తీరిక ఉండదు. మున్నార్ దగ్గర పెట్టిముడిలో 2020 ఆగస్టు 6 రాత్రి 70 మంది పోయారు. దాదాపు అందరూ తేయాకు తోటల కూలీలు, వాళ్ల పిల్లలు. వాళ్లున్నవి లయాలు అనే లైను ఇళ్లు, ఒకే కప్పు కింద వరుసగా ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. ఇల్లు కంపెనీది. పని మానేస్తే ఇల్లూ పోతుంది. ‘వాగు పక్కన భయంగా ఉంది, వేరే చోటికి మారతాం’ అనే అవకాశం తరాలుగా వాళ్లకు లేదు. ముండక్కైలో, చూరల్‌మలలో కూడా తోటల్లో పనిచేసే కుటుంబాలు చాలా ఉన్నాయి.

ప్రపంచం మొత్తం మీదా ఇదే వరస. భూకంపాల వల్ల జరిగినవి పక్కన పెట్టినా, 2004 నుంచి 2016 దాకా ప్రాణాలు తీసిన ఘటనలు 4,862, పోయినవాళ్లు 55,997 మంది అని బ్రిటన్ పరిశోధకులు ఫ్రౌడ్, పెట్లీ లెక్కతీశారు. అందులో పెద్ద భాగం ఆసియాది. 2017 ఆగస్టులో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో కొండవాలు బస్తీల మీద మట్టి విరిగిపడి వెయ్యిమందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. 2024 మేలో పపువా న్యూగినీలోని ఎంగా ప్రాంతంలో ఎంతమంది పోయారో నేటికీ తేలలేదు. ఐక్యరాజ్యసమితి సంస్థ 670 అంది, అక్కడి ప్రభుత్వం 2,000 దాటింది అంది. ఊళ్లో ఎంతమంది ఉండేవారో సరైన జనాభా లెక్కే లేదు మరి. అదే ఏడాది జులైలో ఇథియోపియాలోని గోఫాలో మట్టి కింద పడ్డవాళ్లను తవ్వి తీయడానికి జనం చేరితే కొండ రెండోసారి జారింది. రెండు వందలకు పైగా చనిపోయారు, అందులో కాపాడటానికి వెళ్లినవాళ్లే చాలామంది. మనమైనా పరిగెత్తేవాళ్లమే కదా, మనవాళ్లు కింద ఉంటే ఆగమంటే ఎవరు ఆగుతారు?

ముందే తెలిస్తే ఆపొచ్చా అంటే, కొండను ఆపలేకపోవచ్చు. కొలంబియాలో 1985 నవంబర్ 13న నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలి, పైనున్న మంచు కరిగి, బురద ప్రవాహమై ఆర్మెరో పట్టణం మీద పడింది. 20,000 మందికి పైగా పోయారు. ఆ బురద పట్టణానికి చేరడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. ముప్పు ఎటువైపు వస్తుందో చూపించే మ్యాపు అంతకు నెల ముందే తయారైంది. రెండున్నర గంటలు, చేతిలో మ్యాపు! ఎత్తు మీదికి నడిచి వెళ్లడానికి అంత టైమ్ కూడా అక్కర్లేదు.

దీనికి ఎదురుగా స్విట్జర్లాండ్‌ను పెట్టి చూడండి. 2025 మే 28న బ్లాటెన్ అనే ఊరు దాదాపు మొత్తం హిమానీనదం కింద, రాళ్ల కింద కప్పబడిపోయింది. ఇళ్లు పోయాయి, చర్చి పోయింది. మనిషి మాత్రం ఒక్కడే పోయాడు, ఎందుకంటే సుమారు 300 మందిని, పశువులతో సహా, తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించారు. ‘వాళ్లు డబ్బున్నవాళ్లు’ అంటారు, నిజమే. హాంకాంగ్ అయితే 1970లలో అంత డబ్బున్న ఊరేమీ కాదు. 1972లో, 1976లో వరసగా కొండలు విరిగి జనం చచ్చిపోతే, 1977లో కేవలం వాలుల కోసమే ఒక ఇంజనీరింగ్ ఆఫీసు పెట్టారు. మనిషి తవ్విన, పోసిన ప్రతి వాలుకూ నంబరు వేసి రిజిస్టర్ చేశారు, ఇప్పుడు అవి దాదాపు 60,000. ఏ వాలు ఎవరి బాధ్యతో రాసి ఉంటుంది. మరణాలు బాగా తగ్గాయి. చెప్పుకోవడానికి ఇందులో పెద్ద అద్భుతమేమీ లేదు, ఆఫీసు పనే.

వయనాడ్‌లోనూ ముందస్తు మాట అసలు లేదని కాదు. కల్పెట్టలోని హ్యూమ్ సెంటర్ అనే చిన్న సంస్థ వానను కొలుస్తూ ముందురోజే అధికారులకు చెప్పింది, కొన్ని కుటుంబాలు కదిలాయి కూడా. మిగతావాళ్లు వాగుకు ఇంత దూరంలో ఉన్నాం, మనదాకా రాదులే అనుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. చరియ అంటే కొండవాలున ఉన్న ఇళ్లకే ముప్పు అని మనమూ అనుకుంటాం కదా, ఆ మాటే అలాంటిది. మైళ్ల దూరం ప్రవహించి వచ్చే బురదకు, దొర్లిపడే బండకు, నెమ్మదిగా కుంగే నేలకు అన్నిటికీ తెలుగులో ‘కొండచరియలు’ అనేస్తున్నాం. అలా ప్రవహించి వచ్చే బురదకు మలయాళంలో ఉరుళ్‌పొట్టల్ అని వేరే మాట ఉంది.

తర్వాత బతికినవాళ్ల సంగతి. గుర్తుపట్టలేని శవాలను, శరీర భాగాలను పుత్తుమలలో పూడ్చారు, గుర్తు రాళ్ల మీద పేర్లకు బదులు డీఎన్‌ఏ నంబర్లు. పుత్తుమల అంటే 2019లో కొండ విరిగి 17 మంది పోయిన ఊరే. ఇంకో పక్క, నష్టపోయిన కుటుంబాలకు ప్రభుత్వం వేసిన తక్షణ సాయం డబ్బుల్లోంచి ఒక బ్యాంకు పాత లోన్ ఈఎంఐలు పట్టేసుకుంది. గొడవయ్యాక వెనక్కిచ్చారు. ఇది ఒక్క కేరళ సంగతే అనుకోకండి, 1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని ఆబర్‌ఫాన్‌లో బొగ్గు గని వ్యర్థాల గుట్ట నీటి ఊటల మీద పోసింది కావడంతో జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. మిగిలిన గుట్టలను తీసేయడానికి, ప్రపంచమంతా ఆ ఊరికి పంపిన విరాళాల్లోంచే 1,50,000 పౌండ్లు తీసుకున్నారు! తిరిగిచ్చింది 1997లో.

ఇదంతా ఎక్కడో కొండల సంగతి, మనకెందుకు అని మా ఆఫీసులో ఒకాయన అన్నారు. విజయవాడ మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న బండలు పడింది ఇళ్ల మీదే. 2020 అక్టోబర్ వానలకు మన బండ్లగూడలో వాలు మీది గోడ కూలి కింది ఇళ్ల మీద పడితే తొమ్మిది మంది పోయారు. 2025 ఫిబ్రవరిలో ఎల్బీ నగర్‌లో సెల్లార్ తవ్వుతుంటే మట్టిపెళ్లలు విరిగిపడి ముగ్గురు బీహార్ కూలీలు పోయారు. నిలువుగా కోసిన మట్టికి అది కొండో సెల్లారో తెలియదు. నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే ఒక్కో సైటులో ఎంత లోతు తవ్వుతున్నారో రోడ్డు మీంచే కనబడుతుంది, ఆ గుంత అంచునే రేకుల షెడ్లలో కూలీల కాపురాలు కూడా కనబడతాయి. పెట్టిముడి లయాలకు, ఈ షెడ్లకు తేడా ఏంటో నాకైతే తెలియడం లేదు.

పోయిన నెల మా ఫ్రెండ్స్ అరకు ట్రిప్ ప్లాన్ చేశారు. హోమ్‌స్టే ఫోటోలు గ్రూపులో పెడితే, వెనక నిలువుగా చెక్కిన ఎర్రమట్టి గోడ, పక్కనే సన్నటి వాగు. నాకు ఇవన్నీ బుర్రలో తిరుగుతున్నాయి కాబట్టి ఓనర్‌కు నేనే ఫోన్ చేసి ఆ వాగు గురించి అడిగాను. ‘అబ్బే, టెన్షన్ ఏం లేదు సార్, ఎండు వాగే, వానాకాలంలో తప్ప నీళ్లుండవు’ అన్నాడు.

మేము రూములు అడిగింది ఆగస్టు రెండో శనివారానికి.