సొమ్మొకడిది, సోకొకడిది

మా మామగారి అంబాసిడరును రెండంగుళాలు కిందికి దించాలన్న ఆలోచన నాకు ఎందుకు వచ్చిందో ఇంట్లో ఎవరికీ నేటివరకూ నచ్చచెప్పలేకపోయాను. 1984 నాటి ఆ తెల్లబండి నా కంటికి ఎప్పుడూ మునివేళ్ల మీద నిలబడి అటక మీది డబ్బా అందుకుంటున్న పెద్దమనిషిలా కనిపించేది. ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఉన్న జాగాలో పక్కింటి పిల్లి వేసవి మధ్యాహ్నాలు నిద్రపోయేది. మరదలి పెళ్లి నెల రోజుల్లో ఉంది కనుక, పెళ్లికూతురు ఎక్కే బండి నేలను అంటుకుని ఠీవిగా ఉండాలని నేను ప్రతిపాదించాను. "ఎత్తుగా ఉండబట్టే కదండీ అల్లుడుగారూ, ఈ మోకాళ్లతో కూడా ఎక్కి దిగుతున్నాను" అని మామగారు అన్నారు గానీ, అల్లుడి మాట కాదనడం ఆయనకు అలవాటు లేదు.

అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుకు మన దేశపు రూపం కాబట్టి, దాని ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు ఉండవు. కారు పొడవునా అడుగున పడుకుని ఉండే రెండు ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు, మెలితిరుగుతూ బరువు మోస్తాయి. కడ్డీ చివర ఉన్న పళ్లను విప్పి, కాస్త జరిపి మళ్లీ బిగిస్తే బండి ముందు భాగం దిగుతుంది. వెనక కమాన్ కట్టకూ ఆక్సిలుకూ మధ్య ఇనుప దిమ్మె పెడితే వెనక భాగమూ దిగుతుంది. విజయవాడ ఆటోనగర్లో ఒక కుర్ర మెకానిక్ ఈ పనిని సాయంత్రానికల్లా ముగించాడు. ఎడమవైపు ఒక పన్ను ఎక్కువ జరపడం వల్ల బండి ఒక భుజం వాల్చి నిలబడితే, మర్నాడు ఉదయం దాన్నీ సరిచేశాడు. ఆ మధ్యాహ్నం బండి నిజంగానే అందంగా ఉంది. నేను దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాను, పిల్లి మాత్రం ఒకసారి తలపెట్టి చూసి, ఇమడదని గ్రహించి వెళ్లిపోయింది.

బండి దిగినప్పుడు చక్రాల టో, అంటే రెండు చక్రాల ముక్కులు ఒకదాని వైపు ఒకటి ఎంత వాలి ఉన్నాయన్న లెక్క, తప్పకుండా మారుతుందని తెలిసి నేరుగా అలైన్‌మెంటుకు తీసుకువెళ్లాను. అక్కడి కంప్యూటరు తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు పది నిమిషాల్లో పచ్చబడ్డాయి. అయితే ఆ అబ్బాయి రెండు టై రాడ్లనూ, అంటే స్టీరింగు కదలికను చక్రాలకు అందించే కడ్డీలను, సమానంగా తిప్పకుండా, చేతికి అందిన ఎడమవైపు దాన్నే తిప్పి ఊరుకోవడం వల్ల, బండి తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగు చక్రం మాత్రం మెడ పట్టేసినట్టు పక్కకు తిరిగి ఉండేది. అంకెలు పచ్చగా ఉన్నాయి కదా అని దాన్ని పట్టించుకోలేదు.

అసలు కథ ఉయ్యూరు వెళ్లే దారిలో మొదలైంది. శుభలేఖలు పంచడానికి ముందు సీటులో మామగారు, వెనక అత్తగారూ ఆవిడ ఇద్దరు అక్కచెల్లెళ్లూ కూర్చుని బయలుదేరాం. మన స్పీడు బ్రేకర్లకు ఎడమ అంచున మోటారు సైకిళ్లు అరగదీసిన సందు ఒకటి ఉంటుంది. పెద్దలు కుదుపుకు గురికాకూడదని నేను ప్రతిచోటా ఎడమ చక్రాన్ని ఆ సందులోంచి పోనిస్తూ, కుడి చక్రాన్ని మాత్రం గట్టు ఎక్కిస్తూ వచ్చాను. అలా ఎక్కించిన ప్రతిసారీ, నేను స్టీరింగును కదపకపోయినా, బండి తనంతట తాను రోడ్డు పక్కనున్న కాలువ వైపు ఒక అడుగు వేసేది. మూడో స్పీడు బ్రేకరు దగ్గర మామగారు, "కాలువలో ఎవరికైనా శుభలేఖ ఇవ్వాలా?" అని మెల్లగా అడిగారు. వెనక సీటులోంచి హనుమాన్ చాలీసా మొదలైంది. తరువాతి గట్టును రెండు చక్రాలతో ఒకేసారి నిటారుగా ఎక్కిస్తే బండి ఎటూ పోకుండా బుద్ధిగా దాటడం చూసి, లోపం నాలో ఉందో బండిలో ఉందో తెలియక నేను మరింత కంగారుపడ్డాను.

ఆ రాత్రి కూర్చుని స్టీరింగు శాస్త్రం చదివాను. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలన్న సూత్రాన్ని 1817లో మ్యూనిక్‌లో లంకెన్‌స్పెర్గర్ అనే బళ్ల తయారీదారు గుర్రబ్బండి కోసం అమలు చేయగా, మరుసటి ఏడాది ఇంగ్లండులో ఆయన తరఫున పేటెంటు తీసుకున్న అకర్‌మన్ పేరే ఈనాటికీ దానికి నిలిచిపోయింది. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదని మా ఆవిడతో అంటే, మా నాన్న కారు ఉండగా జర్మనీ దాకా ఎందుకని అడిగింది. నేను పుస్తకం మూసేశాను.

మర్నాడు ఆటోనగర్లోనే అరవై దాటిన మరో మెకానిక్ దగ్గరకు వెళ్లాను. ఆయన బండిని చూడగానే, "నిలబడ్డ బండికి అలైన్‌మెంటు చేయించారు సార్, నడిచే బండికి చేయించలేదు" అన్నారు. చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు, దాన్ని బాడీకి కలిపి ఉంచే సస్పెన్షన్ ఆర్మ్ ఒక వంపులో తిరుగుతుంది, టై రాడ్డు తన వంపులో తాను తిరుగుతుంది. కంపెనీ ఎత్తు దగ్గర ఆ రెండూ దాదాపు కలిసి నడిచేలా పెట్టి ఉంటారు. బండిని దించినప్పుడు బాడీతో పోలిస్తే చక్రం పైకి వెళ్లింది, దానితో టై రాడ్డు బయటి కొస కూడా పైకి లేచింది, రాడ్ల లోపలి కొసలను పట్టుకుని ఉండే ర్యాకు, అంటే స్టీరింగు పళ్ల కడ్డీ, మాత్రం పాత చోటనే ఉండిపోయింది. అలా వాలిన రాడ్డు చక్రం ఎగిరినప్పుడల్లా దాన్ని పక్కకు లాగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎగిరితే ఆ లాగుళ్లు ఒకదానికొకటి సరిపోతాయి, ఒకటే ఎగిరితే బండి పక్కకు పోతుంది. దీనినే బంప్ స్టీర్ అంటారని చెప్పి, ఆయన నా దగ్గరున్న కంప్యూటరు కాగితాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నారు.

మందు సులువే, కొలతే కష్టం. టార్షన్ బారు బరువు వదిలించి, బ్రేకు డ్రమ్ముకు ఒక తిన్నని చెక్క బిగించి, కారు పక్కన బట్టలు ఆరేసే నైలాన్ తాడును బిగించి కట్టి, జాకీతో చక్రాన్ని అంగుళం అంగుళం లేపుతూ చెక్క ముందు కొస నుంచీ వెనక కొస నుంచీ తాడుకు దూరం కొలవాలి. స్టీరింగు కదలకుండా మామగారి కండువాతో కట్టేశాం. టేపు పట్టుకునే పని నాది. మొదటి కొలతలో, అంగుళం ఎత్తుకే ముందు వెనకల మధ్య 5 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. ర్యాకు బిగింపుల కింద 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పలకలు రెండేసి పెడితే తేడా 2కు దిగింది. నేను ఉత్సాహపడి నాలుగేసి పెట్టమన్నాను. చక్రం ఈసారి రెండో వైపుకు తిరగడం మొదలుపెట్టింది. మూడేసి దగ్గర తేడా టేపుకు అందనంతగా తగ్గింది. పలకల మందం పెరిగింది కాబట్టి పాత బోల్టుల మర చాలదని, పొడుగైన హై టెన్సైల్ బోల్టులు తెప్పించి మరీ బిగించారాయన. అంబాసిడర్లు తయారైన బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారం 2014 మే నెలలో ఆగిపోయినా, ఈ బండికి కావలసినది ఆటోనగర్లో రెండు వీధులు తిరిగితే దొరుకుతుంది.

చివరి అలైన్‌మెంటు ఖాళీ బండికి చేయనని ఆయన పట్టుపట్టారు; రోజూ కూర్చునే మనుషులే ఎక్కాలన్నారు. మామగారు ముందు సీటులో, నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాం. ఆయన రెండు టై రాడ్లనూ చెరిసగం తిప్పుతూ, స్టీరింగు చక్రం మెడ తిన్నబడేదాకా గంటకు పైగా తంటాలు పడుతుంటే, మామగారు దినపత్రికను సంపాదకీయంతో సహా చదివేశారు. తరువాత అదే ఉయ్యూరు దారిలో, అవే సందుల్లోంచి, కుడి చక్రాన్ని పనిగట్టుకుని గట్టు ఎక్కిస్తూ వెళ్లాం. బండి కాలువ వంక కన్నెత్తి చూడలేదు.

ఇంటి ముందు ఆపి, ఎలా ఉందండీ అని అడిగాను. మామగారు తలుపు తెరిచి, ఒక కాలు కింద పెట్టి, రెండుసార్లు ప్రయత్నించి మళ్లీ సీటులోకి వాలిపోయారు.

"బండి తిన్నగానే పోతోందండీ అల్లుడుగారూ" అన్నారు, చెయ్యి చాపుతూ. "ఇక నన్ను లేపండి."