గడియారాన్ని ఆపకండి, బంతిని లాక్కోండి

మా పెద్దనాన్నకి క్రికెట్ తప్ప మరో ఆట ఎక్కదు. ఓ సాయంత్రం నా పక్కన కూర్చుని టీవీలో సాకర్, అదే మనం ఫుట్‌బాల్ అనేది, చూస్తూ "ఎంతసేపురా ఇది?" అని అడిగారు. "90 నిమిషాలు" అన్నాను. ఆరున్నరకి మొదలైంది కదా, ఎనిమిదింటికి వార్తలు పెట్టుకోవచ్చని ఆయన లెక్క. తీరా ఎనిమిదయ్యేసరికి తెర మీద 72వ నిమిషం నడుస్తోంది. 90 దాటాక నాలుగో రిఫరీ గీత పక్కన నిలబడి, 7 అని వెలిగే బోర్డు ఎత్తాడు. ఆ ఏడూ అయిపోయాయి. ఆట మాత్రం ఆగలేదు.

"ఏరా, ఏడయ్యాయిగా, విజిల్ ఊదడేం?"

"కనీసం ఏడు అని పెద్దనాన్నా. ఆ పైన ఎంతన్నది రిఫరీ ఇష్టం."

"అంటే ఎప్పుడైపోతుందో ఆయనొక్కడికే తెలుసన్నమాట" అని రిమోట్ నా చేతిలో పెట్టి లేచారు.

ఆయన విసుగులో న్యాయం ఉంది. రూల్ ప్రకారం 45, మళ్ళీ 45, మధ్యలో 15 నిమిషాలు మించని విరామం. నాకౌట్‌లో సమానమైతే ఇంకో 30, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. కానీ పెద్ద లీగుల్లో కూడా బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 55 నుంచి 60 నిమిషాలే. మిగతాది పక్కగీత దాటిన బంతిని చేత్తో విసిరే త్రో-ఇన్‌లకీ, ఫౌల్‌కి ఇచ్చే ఫ్రీ కిక్‌లకీ, ఆటగాళ్ళ మార్పులకీ, కొంత నటనకీ పోతుంది. రిఫరీ గడియారం ఆపడు. పోయినదాన్ని అప్పు పద్దులా గుర్తుపెట్టుకుని చివర్లో కలుపుతాడు. 2022 ఖతర్ ప్రపంచకప్‌లో ఆ పద్దు ఖచ్చితంగా రాయమన్నారు. ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌లో ఇరాన్ గోల్‌కీపర్ తలకి దెబ్బ తగిలి ఆట చాలాసేపు ఆగింది. రెండు సగాలూ కలిపి 27 నిమిషాలు అదనంగా ఆడారు.

అక్కడ దెబ్బ నిజం. నాకు ఒళ్ళు మండేది వేరే దగ్గర. 80వ నిమిషం, ఒక్క గోల్ ఆధిక్యం, గోల్ కిక్, అంటే గోల్ ముందు నుంచి బంతిని మళ్ళీ ఆటలోకి తన్నడం. కీపర్ బంతిని ఎడమ మూలన పెడతాడు. రెండడుగులు వెనక్కి వేస్తాడు. ఏదో నచ్చదు. బంతి తీసుకుని కుడివైపుకి నడుస్తాడు, పరిగెత్తడు. బూటు అడుగున మట్టి దులుపుకుంటాడు. ముందుకెళ్ళమని తనవాళ్ళకి చెయ్యి ఊపుతాడు. వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు!

దీనికి విరుగుడుగా గడియారాన్నే ఆపేద్దామన్న ఆలోచన ఉంది. ఆట రూల్స్ రాసే ఐఎఫ్ఏబీ 2017లో దీన్ని చర్చకి పెట్టింది కూడా: బంతి ఆగితే గడియారం ఆగాలి, సగానికి 30 నిమిషాల నికరమైన ఆట. వినడానికి బావుంది. నేను మాత్రం ఒప్పుకోను. అమెరికన్ ఫుట్‌బాల్ కాగితం మీద 60 నిమిషాలే, చూడ్డానికి కూర్చుంటే మూడు గంటలు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ 48 నిమిషాలు, అదీ రెండు గంటలు దాటుతుంది. గడియారం ఆగుతుందని తెలిస్తే కోచ్‌కి తొందరుండదు, టీవీవాళ్ళకి ప్రకటనలు దూర్చుకోవడానికి సందు దొరుకుతుంది. అమెరికాలో సాకర్ లీగ్ ఎంఎల్ఎస్ 1996లో మొదలైనప్పుడు గడియారాన్ని ఆపుతూ, 45 నుంచి సున్నాకి దింపుతూ ఆడించారు. 1999 సీజన్ తర్వాత వాళ్ళే వదిలేశారు.

అసలు సంగతేమిటంటే, కాలయాపన చేసేవాడు దొంగిలించేది నిమిషాల్ని కాదు, అవతలి జట్టు ఊపుని. చివర్లో నాలుగు నిమిషాలు కలిపినంత మాత్రాన ఆ ఊపు తిరిగి రాదు. అందుకే 2025లో తెచ్చిన మార్పు నాకు తెగ నచ్చింది. కీపర్ బంతిని 8 సెకన్లకి మించి చేతుల్లో పెట్టుకుంటే అవతలి జట్టుకి కార్నర్, అంటే మైదానం మూల నుంచి కొట్టే కిక్. చివరి ఐదు సెకన్లూ రిఫరీ చెయ్యెత్తి వేళ్ళతో లెక్కపెడతాడు. పాత రూల్‌లో 6 సెకన్లే. కానీ శిక్ష పెనాల్టీ బాక్సులోనే, అంటే గోల్‌కి దగ్గర్లోనే, అవతలివాళ్ళకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్‌లోకి కొడితే చెల్లదు). అంత పెద్ద శిక్ష వెయ్యడానికి రిఫరీలకి చెయ్యాడేది కాదు. కార్నర్ అంటే సరిపడా భయం. గోల్ కిక్‌కీ, త్రో-ఇన్‌కీ కూడా ఇదే పద్ధతి ఉండాలంటాను. ఆలస్యం చేస్తే బంతి అవతలివాళ్ళది, అంతే.

రిఫరీ చేతివాచీని నమ్ముకుంటే ఒక్కోసారి మొట్టికాయ తప్పదు, నిజమే. 1978 ప్రపంచకప్‌లో బ్రెజిల్, స్వీడన్ 1-1తో ఉన్నాయి. ఆఖరి క్షణంలో బ్రెజిల్‌కి కార్నర్. బంతి గాల్లో ఉండగా రిఫరీ క్లైవ్ థామస్ విజిల్ ఊదేశాడు. బ్రెజిల్ ఆటగాడు జీకో తలతో కొట్టిన బంతి నెట్‌లో పడింది, గోల్ మాత్రం లెక్కలోకి రాలేదు. అది తలచుకుంటే నాకూ కాసేపు గడియారమే మేలనిపిస్తుంది.

కానీ యూరప్ క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్ 1999 ఫైనల్ కూడా గుర్తొస్తుంది. 90 నిమిషాలయ్యేసరికి బయర్న్ మ్యూనిక్ 1-0. మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ కొట్టింది రిఫరీ చివర్లో కలిపిన నిమిషాల్లోనే. ఆ కథ పెద్దనాన్నకి మర్నాడు చెప్పాను. అంతా విని, "సరేగానీ, నిన్న నేను లేచెళ్ళాక ఏమైందిరా?" అన్నారు.