ఓట్లు తగ్గి సీట్లు పెరిగిన పార్టీ: బ్రిటన్ లిబరల్ డెమొక్రాట్ల లెక్క

2010 ఎన్నికల్లో బ్రిటన్ లిబరల్ డెమొక్రాట్లకు 23 శాతం ఓట్లు వచ్చాయి. సీట్లు 57. 2024లో ఓట్లు 12.2 శాతానికి పడిపోయాయి. సీట్లు మాత్రం 72కు పెరిగాయి. అదే ఎన్నికలో వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీకి వీళ్లకంటే ఎక్కువగా 14.3 శాతం ఓట్లు పడితే దక్కినవి అయిదే సీట్లు. మన దగ్గర మూడో ప్రత్యామ్నాయం గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఈ అంకెల ముందు కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ లెక్క నేర్చుకోవడానికి ఆ పార్టీకి కొన్ని దశాబ్దాలు పట్టింది.

లిబరల్ డెమొక్రాట్లకు మూలమైన లిబరల్ పార్టీ మొదటి నుంచీ మూడో పార్టీ కాదు. గ్లాడ్‌స్టన్ నాలుగుసార్లు ప్రధాని అయిన పార్టీ అది. 1892లో దాదాభాయ్ నౌరోజీ లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్‌లో అయిదంటే అయిదు ఓట్ల తేడాతో గెలిచి బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్నది ఈ పార్టీ తరఫునే. 1906లో దాదాపు 400 సీట్లతో గెలిచి 1908లో వృద్ధాప్య పింఛన్లు, 1911లో ఆరోగ్య, నిరుద్యోగ బీమా తెచ్చింది. బ్రిటన్ సంక్షేమ రాజ్యానికి పునాది వేసింది లిబరళ్లే. ఆ తర్వాత 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, లిబరల్ ప్రధాని ఆస్క్విత్‌ను పక్కకు తప్పించి అదే పార్టీకి చెందిన లాయిడ్ జార్జ్ ప్రధాని కావడంతో పార్టీ రెండు ముక్కలైంది. కార్మికులు లేబర్ వైపు వెళ్లిపోయారు, ఆస్తిపరులు కన్జర్వేటివ్‌ల వైపు జరిగారు. 1951 నాటికి మిగిలింది ఆరుగురు ఎంపీలు, 2.5 శాతం ఓట్లు.

మధ్యేవాద పార్టీకి ఉండే అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. లేబర్ వెనక కార్మిక సంఘాలున్నాయి, గనుల పట్టణాలున్నాయి. కన్జర్వేటివ్‌ల వెనక వ్యాపారులు, పల్లెల్లోని భూస్వాములు ఉన్నారు. ఉదారవాదికి, అంటే లిబరల్‌కు, అలాంటి పెట్టని కోట లేదు. వాళ్లను ఇష్టపడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఏ ఊళ్లోనూ గెలిపించేంత మంది ఉండరు. ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వాళ్లే గెలిచే పద్ధతిలో ఇంతకంటే పెద్ద శాపం లేదు. 1974 ఫిబ్రవరిలో 60 లక్షల మంది ఓటేస్తే వచ్చినవి 14 సీట్లు.

1983లో జరిగింది ఇంకా దారుణం. అంతకు రెండేళ్ల ముందు రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రోజర్స్ అనే నలుగురు పేరున్న లేబర్ నాయకులు తమ పార్టీ మరీ వామపక్షానికి ఒరిగిపోతోందని బయటికొచ్చి సోషల్ డెమొక్రటిక్ పార్టీ పెట్టారు. లిబరల్ పార్టీతో పొత్తు కుదిరింది. దేశమంతా వీళ్ల గురించే చర్చ. ఓట్ల లెక్కింపు అయ్యాక చూస్తే ఈ కూటమికి 25.4 శాతం, లేబర్‌కు 27.6 శాతం. తేడా ఏడు లక్షల ఓట్లలోపే. సీట్లలో మాత్రం లేబర్‌కు 209, వీళ్లకు 23. పత్రికల్లో చర్చ, టీవీల్లో ప్రచారం, మేధావుల మెప్పు అన్నీ ఉండి కూడా ఓట్లు దేశమంతా పలచగా పరుచుకోవడం వల్లే కూటమి దెబ్బతింది.

దీనికి మందు లిబరళ్ల చేతిలోనే, అప్పటికే ఉంది. 1970లో ఈస్ట్‌బోర్న్ మహాసభలో ఆ పార్టీ యువకులు పట్టుబట్టి స్థానిక సమస్యలే రాజకీయం కావాలన్న తీర్మానం చేయించారు. లివర్‌పూల్ కార్యకర్తలు దాన్ని చేసి చూపించారు. వాళ్ల ఆయుధం ‘ఫోకస్’ అనే కరపత్రం. ఒక కాగితం, దాని మీద రోడ్డు గుంత పక్కన నిలబడి వేలు చూపిస్తున్న కౌన్సిలర్ ఫొటో, ఆ గుంత గురించి కార్పొరేషన్‌కు ఎన్నిసార్లు రాశారో, ఏం జవాబు వచ్చిందో నాలుగు వాక్యాలు, ‘మీ సమస్య మాకు రాయండి’ అని ఒక చీటీ. ఎన్నికలున్నా లేకపోయినా అది గుమ్మంలో పడుతూనే ఉంటుంది. ఎన్నికల ముందు వచ్చే కాగితంలో అదనంగా ఒక బార్ చార్ట్ ఉంటుంది: ఇక్కడ పోటీ మాకూ ఫలానా పార్టీకీ మధ్యే, మూడోవాళ్లకు వేస్తే ఓటు వృథా అని. 1973కల్లా లివర్‌పూల్ కౌన్సిల్లో లిబరళ్లు అతిపెద్ద పార్టీ అయ్యారు. చాలామంది విశ్లేషకులు దీన్ని ‘డ్రైనేజీ రాజకీయం’ అని తేలిగ్గా తీసేస్తారు. నేను ఒప్పుకోను. కులం, వర్గం, మతం ఏదీ అండగా లేని పార్టీ మీద ఓటరుకు నమ్మకం కలగాలంటే ఇంతకంటే నిజాయితీ గల దారి నాకు కనిపించడం లేదు.

1988లో లిబరల్, సోషల్ డెమొక్రటిక్ పార్టీలు రెండూ కలిసిపోయి ఇప్పటి లిబరల్ డెమొక్రాట్లు అయ్యాక ఈ పద్ధతికి ఒక క్రమం వచ్చింది. గెలిచే అవకాశమున్న నియోజకవర్గాలనే ఎంచుకుని, డబ్బూ మనుషులనూ అక్కడే పెట్టడం మొదలైంది. 1992లో 17.8 శాతం ఓట్లకు 20 సీట్లు వస్తే, 1997లో ఒక శాతం తగ్గినా 46 వచ్చాయి. ఇరాక్ యుద్ధాన్ని అప్పటి పార్టీ నాయకుడు చార్లెస్ కెన్నెడీ గట్టిగా వ్యతిరేకించడం కలిసొచ్చి 2005లో 62కు చేరాయి.

ఇక 2010 సంగతి. టీవీ చర్చల్లో అప్పటి పార్టీ నాయకుడు నిక్ క్లెగ్ ఒక్కసారిగా స్టార్ అయిపోయారు. ఎవరికీ మెజారిటీ రాకపోవడంతో కన్జర్వేటివ్‌లతో సంకీర్ణంలో చేరి ఉపప్రధాని అయ్యారు. చేరడం తప్పని నేను అనను. అధికారంలో భాగం వద్దనుకుంటే పార్టీ ఎందుకు? కానీ ఎన్నికలకు ముందు ఆయనా, ఆ పార్టీ అభ్యర్థులూ విద్యార్థి సంఘం ఇచ్చిన ప్రతిజ్ఞ పత్రం మీద సంతకం చేశారు. ట్యూషన్ ఫీజు పెంపునకు వ్యతిరేకంగా ఓటేస్తామని రాసి ఉన్న ఆ కాగితం పట్టుకుని ఫొటోలు దిగారు. ఎన్నికలైన ఏడు నెలలకే, 2010 డిసెంబర్ 9న, ఇంగ్లండ్‌లో సుమారు 3,300 పౌండ్లున్న ఫీజు పరిమితిని 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదన సభకొచ్చింది. (అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలకు ఈ పరిమితి వర్తించదు, వాళ్ల ఫీజుల లెక్క వేరు.) 57 మంది ఎంపీల్లో 21 మంది మాటకు కట్టుబడి వ్యతిరేకంగా ఓటేశారు. క్లెగ్, మంత్రులు అనుకూలంగా వేశారు. 21 ఓట్ల తేడాతో ప్రతిపాదన నెగ్గింది.

ఫీజు కోసం తీసుకున్న అప్పును సంపాదన మొదలయ్యాకే తీర్చే ఏర్పాటు ఆ ప్రతిపాదనలో ఉందన్నది నిజమే. ఆదాయపు పన్ను పరిమితి పెంచడం, పేద పిల్లల కోసం బడులకు అదనపు నిధులు ఇవ్వడం కూడా ఆ ప్రభుత్వంలో వీళ్లు సాధించినవే. ఇవేవీ జనానికి గుర్తులేవు, ఫొటో గుర్తుంది. 2012లో క్లెగ్ వీడియోలో క్షమాపణ చెప్పినా ఫలితం లేకపోయింది. 2015లో 57 కాస్తా 8 అయ్యాయి. వేరే పార్టీ మాట తప్పితే ‘ఏం చేస్తాం, మనవాళ్లే’ అని సర్దుకుపోయే ఓటర్లు కొందరుంటారు. ఈ పార్టీకి అలా సర్దుకుపోయేవాళ్లు లేరు.

అందుకే 2024లో పార్టీ నాయకుడిగా ఎడ్ డేవీ నడిపిన ప్రచారం నాకు ముఖ్యంగా తోస్తుంది. సరస్సులో ప్యాడిల్‌బోర్డు (నిలబడి తెడ్డు వేసే పలక) మీంచి పడిపోవడం లాంటి విన్యాసాలతో ఆయన వార్తల్లో నిలిచారు కానీ, అసలు పని దక్షిణ ఇంగ్లండ్‌లోని కన్జర్వేటివ్ కంచుకోటల్లో జరిగింది. నదుల్లోకి వదులుతున్న మురుగునీరు, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఎదురుచూపులు, ఇంట్లో వృద్ధులనూ వికలాంగులనూ చూసుకునేవాళ్ల కష్టాలు, ఇవే ఎజెండా. డేవీ స్వయంగా వికలాంగుడైన కొడుకును చూసుకుంటున్న తండ్రి కాబట్టి మూడో మాటలో బలం ఉంది.

మన దగ్గరికొస్తే, 2009 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం ఓట్లు పడితే 294లో 18 సీట్లు వచ్చాయి. రెండేళ్లకు పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఉదారవాద భావాలతో పుట్టిన లోక్‌సత్తా కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గెలుపుతో ఆగిపోయింది. ఆ ఒక్క సీటును చుట్టుపక్కల వార్డుల్లో పది మంది కార్పొరేటర్లుగా మార్చే పని ఓపిగ్గా సాగి ఉంటే ఈరోజు హైదరాబాద్ రాజకీయం ఇంకోలా ఉండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. మన కొత్త పార్టీలన్నీ రాష్ట్రవ్యాప్త యాత్రతో మొదలవుతాయి. వార్డు ఎన్నిక వాళ్లకు చిన్న విషయం. పైగా స్థానిక ఎన్నికలను ఏళ్ల తరబడి వాయిదా వేసే ప్రభుత్వాలు ఆ మెట్టునే లేకుండా చేస్తున్నాయి. కొత్తవాళ్లకు జరుగుతున్న అతిపెద్ద అన్యాయం అదే.

లిబరల్ డెమొక్రాట్లకు ఇప్పుడు ఒక పరీక్ష ఉంది. తరతరాలుగా వాళ్లు అడుగుతున్నది ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు ఇచ్చే దామాషా పద్ధతి. 2010 సంకీర్ణ ఒప్పందంలో దాన్ని వదిలేసి, ఎన్నికల ముందు క్లెగ్ తానే తీసిపారేసిన ‘ప్రాధాన్య ఓటు’ (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చే) పద్ధతి మీద రెఫరెండానికి ఒప్పుకున్నారు. 2011లో జరిగిన ఆ రెఫరెండంలో 67.9 శాతం మంది వద్దన్నారు. ఇప్పుడు 650లో 72 అంటే 11 శాతం సీట్లు, ఓట్లకు దాదాపు సమానం. ఇక పాత పద్ధతితో వాళ్లకు పెద్ద నష్టం లేదు. అయినా 2024 డిసెంబర్ 3న ఆ పార్టీ ఎంపీ సారా ఓల్నీ దామాషా ఎన్నికల బిల్లు ప్రతిపాదిస్తే, ప్రవేశపెట్టడానికి 138–136 ఓట్లతో సభ అనుమతించింది. 33.7 శాతం ఓట్లతో 411 సీట్లు గెలిచిన లేబర్ ప్రభుత్వం దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు, తీసుకెళ్లే అవసరం దానికి లేదు కూడా. మళ్లీ ఎవరికీ మెజారిటీ రాని సభ ఏర్పడితే, మంత్రి పదవుల గురించి మాట్లాడకముందే లిబరల్ డెమొక్రాట్లు బల్ల మీద పెట్టాల్సిన మొదటి షరతు ఈ బిల్లే. 2024 ఓట్ల లెక్కన ఆ సంస్కరణతో అందరికంటే ఎక్కువ లాభపడేది తాము బద్ధవిరోధిగా చూసే రిఫార్మ్ యూకే అని తెలిసి కూడా పెట్టాలి.