అట్ట మీద లెవెల్ రాస్తే సరిపోతుందా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్ర వేస్తూ కథ నడిపే ఆట) ఆడించేవాళ్లకు అసలు టెన్షన్ ఏ అడ్వెంచర్ పుస్తకం, అంటే ఆడబోయే కథ ఉన్న పుస్తకం, కొనాలో తేల్చుకోవడమే. వెనక అట్ట మీద ఏముంటుంది? పాత్రలు ఏ లెవెల్ (బలం మెట్టు) నుంచి ఏ లెవెల్ దాకా అన్న ముక్క, నాలుగు ఊరించే మాటలు. ఎన్ని వారాలు పడుతుంది, కొట్లాటలు ఎక్కువా సంభాషణలు ఎక్కువా, డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి, ముందుగా ఎంత చదవాలి? అవి మాత్రం చెప్పరు.

2016లో వచ్చిన 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' అంటే నాకు ప్రాణం. అందులో మేడమ్ ఇవా అనే జోస్యురాలు కార్డులు వేస్తుంది. పడిన కార్డును బట్టి కథలో విలన్ అయిన రక్తపిశాచి స్ట్రాడ్‌ను ఎదిరించే ఖడ్గం, మిగతా వస్తువులు ఎక్కడున్నాయో తేలుతుంది. ఎంత అందమైన ఆలోచన! కానీ 256 పేజీల పుస్తకం ముందే తిరగేయకపోతే ఆట మధ్యలో బిక్కమొహం వేయాల్సిందే. అదే కొత్తవాళ్ల కోసం 2014లో వచ్చిన స్టార్టర్ సెట్‌లోని 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' 64 పేజీలే, 5వ లెవెల్ దాకా హాయిగా నడుస్తుంది.

ఉద్యోగాలు చేసుకుంటూ శనివారం రాత్రి మాత్రమే కూర్చునేవాళ్లకు ఈ తేడా కొనకముందే తెలియాలి కదా! రివ్యూలు చూద్దామంటే, సగం మంది కథంతా చెప్పేస్తారు, మిగతావాళ్లు 'సూపర్' అని ఊరుకుంటారు. డబ్బు పెట్టి కొనేవాళ్లం, ఆట నడిపేవాళ్లు ముందుగా సిద్ధం కావడానికి ఎంత పని ఉందో అట్ట మీదే రాయండి.