జపాన్, చైనా: ముసలితనాన్ని ఏ గడియారంతో కొలవాలి?

2024లో జపాన్ జనాభాలో 65 ఏళ్లు పైబడినవారు 29 శాతం దాటారు. చైనాలో 15.6 శాతం. ఈ రెండంకెలు చూసి చైనాకు ఇంకా బోలెడు వ్యవధి ఉందనుకుంటే పొరపాటే. పోల్చాల్సింది ఒకే ఏడాదిని కాదు, ఒకే దశను.

65 పైబడినవారి వాటా 7 శాతానికి చేరిన ఏడాది నుంచి లెక్క మొదలుపెట్టండి. జపాన్‌కు అది 1970. అక్కడి నుంచి 1994కల్లా, అంటే 24 ఏళ్లలో, 14 శాతానికి చేరింది. ఫ్రాన్స్‌కు ఇదే మార్పుకు వందేళ్లకు పైగా పట్టింది. చైనాలో 2000 జనగణన నాటికి దాదాపు 7 శాతం, 2021లో 14 దాటింది. కాబట్టి ఇప్పటి చైనాను 1990ల చివరినాటి జపాన్ పక్కన నిలబెట్టాలి.

వయసు గీత కూడా చూసుకోవాలి. చైనా ప్రకటనల్లో తరచూ కనిపించేది 60 పైబడినవారి సంఖ్య: 2024 చివరికి 31 కోట్లు. 65 నుంచి లెక్కిస్తే 22 కోట్లే. మొదటి అంకెను జపాన్ 65 లెక్కతో పోలిస్తే ఆదిలోనే తప్పు.

ఎక్కువమంది బోల్తాపడేది మరోచోట. చైనాలో 65 పైబడినవారు 2023లో సుమారు 70 లక్షలు పెరిగితే, 2024లో అందులో సగమే పెరిగారు. వృద్ధాప్యం నెమ్మదించిందా? లేదు. 1959-61 కరువులో జననాలు పడిపోయాయి. ఆ పలచని తరమే ఇప్పుడు 65 దాటుతోంది. 1962 నుంచి దశాబ్దానికి పైగా ఏటా రెండు కోట్లకు మించి పుట్టారు. వాళ్ల వంతు 2027లో మొదలవుతుంది. జపాన్‌లోనూ ఇలాంటి గుంట ఉంది. అక్కడి సంప్రదాయ పంచాంగంలో 1966 'అగ్ని గుర్రం' సంవత్సరం. ఆ ఏట ఆడపిల్ల పుడితే కలిసిరాదన్న నమ్మకంతో జననాలు పాతిక శాతం తగ్గాయి. 2031లో అక్కడా కొత్తగా 65 దాటేవారి అంకె కాస్త తగ్గి కనిపిస్తుంది. ఇలాంటి ఏళ్లను చూసి విధానాలు రాయకూడదు.

నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే తేడా, ఆ దశకు చేరేసరికి చేతిలో ఉన్న ఏర్పాట్లు. జపాన్ 1961లోనే అందరికీ పింఛను పథకం తెచ్చింది. 14 శాతం దాటిన ఆరేళ్లకు, 2000 ఏప్రిల్‌లో, దేశమంతటా సంరక్షణ బీమా, అంటే ముసలితనంలో రోజువారీ పనులకు సాయం అందించే బీమా, మొదలైంది. 40 ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రీమియం కడతారు. ఖర్చులో సగం పన్నుల నుంచి వస్తుంది. ఎంత సాయం కావాలో ఏడు స్థాయిల్లో నిర్ణయిస్తారు. సేవ పొందినవారు మామూలుగా పదో వంతు చెల్లిస్తారు, ఆదాయం ఎక్కువైతే ఇంకొంచెం. చైనాలో ఇలాంటి బీమా 2016లో 15 నగరాల్లో ప్రయోగంగా మొదలై, 2020లో 49కి విస్తరించింది. పదవీ విరమణ వయసును 2025 జనవరి నుంచి, పదిహేనేళ్లలో, మగవారికి 60 నుంచి 63కి, ఆడవారికి ఉద్యోగాన్ని బట్టి 50 నుంచి 55కి లేదా 55 నుంచి 58కి పెంచుతున్నారు. అవసరమైన పనే, కానీ ఆలస్యంగా జరుగుతోంది.

అదీ పల్లె రైతుకు పెద్దగా అక్కరకు రాదు. ఉద్యోగమే లేనివారికి విరమణ వయసుతో పనేముంది? వయసు పిల్లలు నగరాలకు వెళ్లిపోవడంతో, 2020 జనగణనలో చైనా పల్లెల్లో 65 పైబడినవారు 17.7 శాతం, పట్టణాల్లో 11 శాతమే. పల్లె పింఛనేమో పట్టణ ఉద్యోగి పింఛనులో చిన్న ముక్క. 2027 తర్వాతి అల ముందుగా తాకేది ఆ ఊళ్లనే.